ఆకాశ హర్మ్యాలు – నేలమీది దారులు

సోమలలో కొత్తగా ఒక ఇల్లు లేస్తే వీధిలో ఏ మార్పూ కనిపించదు. ఇంటి యజమానికి ఒక మోటారు సైకిలు, పిల్లవానికి ఒక సైకిలు, ముసలివారికి వీధి అరుగు. పొద్దున్నే పాలకేంద్రానికి ఒకరు, బడికి ఇద్దరు నడిచిపోతారు. పుంగనూరులోనో మదనపల్లెలోనో పని ఉన్నవారు బస్సుకోసం వచ్చి నిలబడతారు. ఆ ఇంటి పక్కన మరొక ఇల్లు, దాని పక్కన ఇంకొకటి, ఇలా ఏటేటా పదేసి ఇళ్లు కట్టినా వీధి వాటిని తనలో కలుపుకొని పోతుంది. ఊరు పెరిగే వేగమూ దారి పెరిగే వేగమూ ఇంచుమించు ఒకటిగానే ఉంటాయి.

అలా ముప్పై సంవత్సరాలలో రావలసిన ఇళ్లన్నీ ఒకదానిమీద ఒకటిగా, ఒకే గేటు వెనుక, మూడు నాలుగేళ్లలో లేస్తే ఏమవుతుంది? హైదరాబాదు పడమటి భాగంలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాలలో జరుగుతున్నది ఇదే. ఒక్కొక్క అంతస్తుకు 8 ఇళ్ల చొప్పున 40 అంతస్తులు ఉన్న ఒక మేడను తీసుకుందాం. మొత్తం ఇళ్లు 320. ఇంటికి నలుగురు అనుకుంటే 1,280 మంది. సోమల చుట్టుపక్కల పల్లెలలో ఇంతమంది ఉన్న ఊరు చెప్పుకోదగిన ఊరే. అటువంటి ఊరికి నాలుగు దిక్కులా బండిబాటలు, కాలిబాటలు ఉంటాయి. ఈ నిలువు ఊరికి ఉన్నది ఒకటే వాకిలి. పైగా ఇటువంటి మేడలు ఒంటరిగా ఉండవు. ఒకే ప్రహరీ లోపల నాలుగైదు కట్టడం ఇప్పుడు సాధారణమైపోయింది.

మేడల ఎత్తు పెరగడానికి మూల కారణాలు రెండు: యంత్రం ఒకటి, భూమి ధర ఒకటి. లిఫ్టు లేని రోజులలో మనిషి మెట్లెక్కి పోగలిగినంత వరకే మేడ కట్టాడు. ఐదారు అంతస్తులు దాటితే పై గదులలో ఉండడానికి ఎవరూ ఇష్టపడేవారు కారు. న్యూయార్కులో ఎలిషా ఓటిస్ అనే మెకానిక్కు తాడు తెగినా లిఫ్టు కిందికి జారిపోకుండా పట్టి నిలిపే సాధనం కనిపెట్టి, 1854లో తాను నిలబడ్డ వేదిక తాడును ప్రజల ఎదుటనే కోయించి చూపించాడు. 1857లో అదే నగరంలో ఒక పెద్ద దుకాణంలో మనుషులను మోసే లిఫ్టు పనిచేయసాగింది. 1885లో షికాగోలో లోహపు చట్రం ఆధారంగా 10 అంతస్తుల కట్టడం లేచింది. ఆ తరువాత మేడ ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించడంలో ఇంజనీరు శక్తికంటె స్థలం వెల ముఖ్యమైపోయింది.

ఆ వెల ఎంతదో చూడండి. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలోని నియోపొలిస్ స్థలాలను వేలం వేసినప్పుడు ఎకరానికి గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయల ధర పలికింది. 100 కోట్లుగానే తీసుకొని లెక్క వేద్దాం. ఆ ఎకరంలో 20 ఇళ్లు కడితే ఒక్కొక్క ఇంటిమీద భూమి ఖర్చే 5 కోట్లు పడుతుంది. 100 ఇళ్లు కడితే కోటికి దిగుతుంది. 200 కడితే 50 లక్షలు. కట్టేవాడు ఆకాశంవైపు ఎందుకు చూస్తాడో చెప్పడానికి ఇంతకంటె వేరే శాస్త్రం అక్కరలేదు.

రోడ్డును చూసి ఎత్తు

కట్టేవాడు చూసినంత మాత్రాన చాలదు, చట్టం ఒప్పుకోవాలి. నగరాలలో కట్టడాలను అదుపు చేయడానికి వాడే కొలత ఒకటి ఉన్నది. దానిని అంతస్తు వైశాల్య నిష్పత్తి అంటారు. 1,000 గజాల స్థలంలో అన్ని అంతస్తుల వైశాల్యమూ కలిపి 2,000 గజాలు కడితే ఆ నిష్పత్తి 2. బొంబాయి నగరం 1964 నాటి నియమాలలోనే దీనికి హద్దు పెట్టింది. హైదరాబాదు దారి వేరు. 2006 మార్చిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 86 పేర తెచ్చిన నియమాలు ఈ నిష్పత్తికి హద్దు పెట్టే పద్ధతిని వదిలిపెట్టి, కట్టడం ఎత్తును రెండు విషయాలతో ముడిపెట్టినవి. ముందున్న రోడ్డు వెడల్పు ఒకటి, చుట్టూ విడువవలసిన ఖాళీ స్థలం రెండవది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జి.ఓ. 168 కూడా అదే మార్గంలో నడిచింది.

ఆ 2012 నియమావళిలో 18 మీటర్లు, అంతకు మించిన కట్టడాలను ఎత్తైన కట్టడాలుగా లెక్కించారు. 24 మీటర్ల ఎత్తు వరకు ముందున్న రోడ్డు కనీసం 12 మీటర్లు ఉండాలి. 30 మీటర్ల ఎత్తుకు 18 మీటర్ల రోడ్డు, 45 మీటర్ల ఎత్తుకు 24 మీటర్ల రోడ్డు, ఆపైన 30 మీటర్ల రోడ్డు కావాలి. చుట్టూ విడువవలసిన ఖాళీ కూడా ఇలాగే మెట్టుమెట్టుగా పెరుగుతుంది. 55 మీటర్ల ఎత్తు దాటితే ప్రతి 5 మీటర్లకూ అర మీటరు చొప్పున ఇంకా విడిచిపెట్టాలి.

ఈ పట్టికను నిదానంగా చదివినవారికి ఒక విషయం కనిపిస్తుంది. ఖాళీ స్థలం ఎత్తుతోపాటు చివరిదాకా పెరుగుతూ పోతుంది. రోడ్డు వెడల్పు మాత్రం 30 మీటర్ల వద్ద ఆగిపోతుంది. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున 17 అంతస్తులున్న మేడకూ, 57 అంతస్తులున్న మేడకూ ముందు కావలసిన రోడ్డు ఒకటే. ఇందులో పొరపాటు ఏదో జరిగిందని అనుకోనక్కరలేదు. ఆ కొలతలు వేరే అవసరాన్ని ఉద్దేశించినవి. అగ్నిమాపక శకటం వచ్చి తిరగగలగాలి, పక్క ఇళ్లకు గాలి వెలుతురు అందాలి. ఆ పనికి అవి చాలుతాయి. రోజూ పొద్దున ఆ మేడలోనుంచి ఎంతమంది బయటికి వస్తారు, వారు ఏ దారిని, దేనిలో పోతారు అన్న ప్రశ్నకు ఆ పట్టికలో స్థానం లేదు.

కార్లు నిలుపుకొనే చోటు సంగతి ఇందుకు భిన్నం. దానిని కట్టిన వైశాల్యంలో ఇంత శాతం అని నిర్ణయిస్తారు. అంటే కట్టడం పెరిగినకొద్దీ కార్లు నిలిచే చోటు పెరుగుతుంది, అవి నడిచే చోటు పెరగదు. ఎత్తైన కట్టడాలనుంచి నగరస్థాయి సౌకర్యాల కోసం ప్రభావ రుసుము వసూలు చేసే ఏర్పాటు లేకపోలేదు. కాని రుసుము చెల్లించడానికీ, ఆ డబ్బు రోడ్డుగానో బస్సుగానో మారి అదే వీధికి తిరిగి రావడానికీ నడుమ చాలా కాలం పడుతుంది. ఇల్లు కొన్నవారు గృహప్రవేశం మరునాటినుంచే ఆఫీసుకు పోవాలి.

నిలువు దారి, అడ్డ దారి

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. మేడ లోపలి ప్రయాణాన్ని ఎవరూ అదృష్టానికి వదలరు. లిఫ్టులు అమర్చేముందు ఇంజనీర్లు పొద్దుటి రద్దీలో 5 నిమిషాలకు ఎంతమందిని కిందికి దించాలి, ఒక్కొక్క లిఫ్టులో ఎందరు పడతారు, ఎన్నిచోట్ల ఆగుతుంది, తలుపు తెరిచి మూయడానికి ఎన్ని సెకన్లు పడుతుంది అని లెక్క కడతారు. ఆ లెక్కప్రకారం లిఫ్టుల సంఖ్యా వేగమూ నిర్ణయిస్తారు. చాలా ఎత్తైన మేడలలో కొన్ని లిఫ్టులు పై అంతస్తులకే ఆగేటట్టు ఏర్పాటు చేస్తారు. కనుక 40వ అంతస్తునుంచి నేలకు దిగడం రెండు మూడు నిమిషాల పని. గేటు దాటిన తరువాత మొదటి కిలోమీటరుకు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. నిలువు దారికి చేసిన లెక్కను అడ్డ దారికి కూడా చేసి చూద్దాం.

320 ఇళ్ల మేడలు ఐదు ఒకే ఆవరణలో ఉన్నవనుకోండి. మొత్తం 1,600 ఇళ్లు, 6,400 మంది. పొద్దున ఎనిమిదిన్నరనుంచి తొమ్మిదిన్నర వరకు గల ఒక్క గంటలో సగం ఇళ్లనుంచి ఒక్కొక్క కారు బయలుదేరినా 800 కార్లు. ముందున్న రోడ్డు వెడల్పుగానే ఉండవచ్చు. కాని రోడ్డు ఎంత మోయగలదో దాని నడిమి భాగం నిర్ణయించదు, చివర ఉన్న కూడలి నిర్ణయిస్తుంది. ఎర్రదీపం వద్ద నిలిచిన కార్లు పచ్చదీపం పడగానే ఒక వరుసలో సుమారు 2 సెకన్లకు ఒకటి చొప్పున గీత దాటుతాయి. గంటసేపూ పచ్చదీపమే వెలిగితే 3,600ను 2తో భాగించగా 1,800 కార్లు పోగలవు. కాని కూడలిలో తక్కిన దిక్కులవారూ ఉన్నారు. మన వైపుకు మూడింట ఒక వంతు కాలం దొరికినా వరుసకు 600 కార్లే. అంటే ఆ ఒక్క ఆవరణ ఒక వరుసను పూర్తిగా నింపి, రెండవ వరుసలో మూడవ వంతు కూడా ఆక్రమిస్తుంది. అదే రోడ్డుమీద ఇటువంటి ఆవరణలు నాలుగు ఉంటే ఐదు వరుసలు దాటిపోతాయి. ఆ రోడ్డుకు ఒక వైపున ఉండేవి మూడే.

ఈ 800 కార్లను ఆపి నిలబెడితే ఎంత పొడవుంటాయో కూడా చూడవచ్చు. నడుమ సందుతో కలిపి కారుకు 6 మీటర్లు అనుకుంటే 4,800 మీటర్లు. మూడు వరుసలలో పేర్చినా 1,600 మీటర్లు. తాము ఇరుక్కున్నామని చెప్పేవారు సాధారణంగా తమ ముందున్న వాహనాలను చూపిస్తారు. తమ కారు కూడా ఆ 6 మీటర్లలో ఒకటి అన్న సంగతి జ్ఞాపకం రాదు.

నిండేముందే ఆగిపోతుంది

వరుస పూర్తిగా నిండితేనే చిక్కు వస్తుందని అనుకోవడం సహజం. నిజానికి చిక్కు అంతకంటె ముందే మొదలవుతుంది. దీనిని గ్రహించడానికి పొద్దున పాలకేంద్రం వద్ద నిలబడి చూడడం మంచి సాధనం. ఒక్కొక్కరి పాలు కొలిచి, వెన్న పరీక్ష చేసి, పుస్తకంలో రాయడానికి సగటున ఒక నిమిషం పడుతుందనుకుందాం. నిమిషానికి సరిగా ఒకరు చొప్పున గడియారం చూసుకొని వస్తే ఎవరూ నిలబడనక్కరలేదు. కాని జనం అలా రారు. ఒకసారి నలుగురు కలిసి వస్తారు, తరువాత మూడు నిమిషాలు ఎవరూ రారు. ఆ ఖాళీగా పోయిన మూడు నిమిషాలను దాచుకొని తరువాత వాడుకోవడం కుదరదు.

ఇలా ఇష్టం వచ్చినట్టు వచ్చేవారి వరుసలను గణితశాస్త్రజ్ఞులు పరిశీలించి ఒక సులభమైన సూత్రం చెప్పారు. ఒక్కరి పనికి పట్టే కాలాన్ని, కేంద్రం శక్తిలో మిగిలి ఉన్న భాగంతో భాగించాలి. కేంద్రం శక్తిలో సగం వాడుకలో ఉంటే మిగిలినది సగం. ఒక నిమిషాన్ని సగంతో భాగిస్తే 2 నిమిషాలు. వచ్చినవాడు సగటున 2 నిమిషాలలో బయటపడతాడు. నూటికి 90 వంతులు వాడుకలో ఉంటే మిగిలినది పదోవంతు, పట్టే కాలం 10 నిమిషాలు. 95 వంతులైతే 20 నిమిషాలు. 90నుంచి 95కు పెరిగినవారు చాలా కొద్దిమందే, వేచి ఉండే కాలం మాత్రం రెట్టింపైంది. కూడలి పాలకేంద్రం వంటిదే కాకపోయినా, నిండుతున్నకొద్దీ ఆలస్యం ఈ తీరుగానే ఎగబాకుతుంది.

ఆవరణ మొదటి మేడలో జనం చేరినప్పుడు రోడ్డుమీద ఏమీ తెలియకపోవడానికీ, నాలుగవ మేడ నిండిన నెలలోనే అంతా స్తంభించినట్టు తోచడానికీ ఇదే కారణం. నాలుగవ మేడవారు మొదటి మేడవారికంటె ఎక్కువ ప్రయాణం చేయరు. వారు ఆఖరున వచ్చారు, అంతే. అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్కొక్క కట్టడాన్ని విడివిడిగా చూస్తే ఈ సంగతి బయటపడదు. ప్రతి ఒక్కటీ తన వంతుకు కొంచెమే కలుపుతుంది.

దీనికి సాధారణంగా చేసే వైద్యం రోడ్డు వెడల్పు చేయడం, కూడలిపై వంతెన వేయడం. గచ్చిబౌలి చేరువన బయోడైవర్సిటీ కూడలి వద్ద 2019లో ఒకటి, 2020లో మరొకటి వంతెనలు తెరిచారు. దుర్గం చెరువుమీద తీగల వంతెన 2020 సెప్టెంబరులో వచ్చింది. శిల్పా లేఅవుటు వంతెన 2022 నవంబరులో, కొత్తగూడ వంతెన 2023 జనవరిలో ప్రారంభమైనవి. ఇవి ఉపయోగపడలేదని అనడం న్యాయం కాదు. ఎర్రదీపం లేని చోట వాహనాలు వేగంగానే పోతాయి. అయితే వంతెనమీదుగా త్వరగా వచ్చిన వాహనాలు తరువాతి కూడలి వద్దకు కూడా త్వరగానే చేరతాయి. అక్కడి శక్తి పెరగనప్పుడు ముడి అక్కడికి జరుగుతుంది. ఇంకొక సంగతి ఉన్నది. 1962లో ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు, రద్దీ వేళ పెద్ద రోడ్డు వెడల్పు చేస్తే అంతవరకు వేరే దారిన పోయేవారు, వేరే వేళకు పోయేవారు, రైలు బస్సులలో పోయేవారు దానిమీదికి వచ్చి చేరుతారని, కనుక రద్దీ మళ్లీ పూర్వపు స్థితికి చేరుకుంటుందని వివరించాడు. హైదరాబాదు విషయంలో దీనికి తోడు మరొకటి కలుస్తుంది. దారి బాగుపడిన చోట భూమి ధర పెరుగుతుంది, ధర పెరిగిన చోట మేడ ఎత్తు పెరుగుతుంది.

బస్సుకు ఇంతకంటె మంచి ఊరు లేదు

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఎత్తైన మేడలే దోషమని ఎవరైనా తీర్మానిస్తే తొందరపడినట్టే. అదే 6,400 మందిని ఒక్కొక్క ఇంటికి ఐదు సెంట్ల చొప్పున నేలమీద పరిస్తే ఇళ్లకే 80 ఎకరాలు కావాలి. వీధులు, బడి, ఆటస్థలం కలుపుకుంటే నూరు దాటుతుంది. పాలు, నీరు, కరెంటు, మురుగు కాలువ అన్నీ అంత దూరమూ సాగాలి. చెరువులూ పొలాలూ మింగుతూ పోయే నగరంకంటె నిలువుగా పెరిగే నగరం భూమిని పొదుపు చేస్తుంది.

రవాణా విషయంలో కూడా దాని గుణం ఇటువంటిదే. పల్లెలకు బస్సులు అరుదుగా రావడానికి కారణం ఏమిటి? ఒక్కొక్క ఊరిలో ముగ్గురు నలుగురు ఎక్కుతారు. బస్సు నిండాలంటే పది ఊళ్లు తిరగాలి, తిరిగేసరికి పొద్దెక్కుతుంది. మేడల ఆవరణలో 6,400 మంది ఒకే వాకిట్లో ఉన్నారు. బస్సు నడిపేవారు కోరుకోదగిన ఊరు ఇంతకంటె మరొకటి ఉండదు. ఆ 800 కార్లలో ఒక్కొక్కదానిలో సగటున ఒకరూ పాతిక వంతు, అంటే నలుగురికి మూడు కార్లు కాక ఐదుగురికి నాలుగు కార్లు చొప్పున పోతున్నారనుకుంటే మొత్తం 1,000 మంది. బస్సుకు 50 మంది చొప్పున వీరికి కావలసినవి 20 బస్సులు, అంటే 3 నిమిషాలకు ఒకటి. రవాణా ఇంజనీర్లు కారు ఆక్రమించే చోటును ఒకటిగా తీసుకొని తక్కిన వాహనాలను దానితో పోల్చి లెక్కిస్తారు. బస్సును మూడు కార్లకు సమానమని తీసుకుంటే ఆ 20 బస్సులు 60 కార్లతో సమానం. 800 ఉన్నచోట 60. వరుసకు 600 పట్టే కూడలిలో 60 వాహనాలు ఏ మూలకు?

అయితే 3 నిమిషాలకొక బస్సు లేకపోవడమే కాదు, ఉన్న బస్సు కూడా ఆ 800 కార్ల వెనుకనే నిలబడాలి. అందువల్ల అది ఆలస్యంగా వస్తుంది. ఆలస్యమైనకొద్దీ శక్తి ఉన్నవారు కారు కొంటారు. వారి కార్లు బస్సును ఇంకా ఆలస్యం చేస్తాయి. ఈ చక్రంలో చివరివరకు మిగిలిపోయేవారు కారు కొనలేనివారు. ఒక్కొక్క మేడకు ఇంటిపనివారు, వంటవారు, కాపలావారు, లిఫ్టులు చూసేవారు, తోటపనివారు, ఇస్త్రీవారు, సరుకులు తెచ్చి ఇచ్చేవారు ఎందరో కావాలి. ఎకరం నూరు కోట్లు పలికే చోట వారికి గది దొరకదు గనుక వారు దూరంనుంచి వస్తారు. మేడలోనివారు బయటికి పోయే వేళకు వీరు లోపలికి వస్తుంటారు. ఇళ్ల సంఖ్యనుబట్టి కార్ల లెక్క వేసే పట్టికలలో ఈ ప్రయాణాలు సాధారణంగా కనిపించవు. పొద్దున ఆరు గంటలకు షేర్ ఆటోలో ఎనిమిదవ మనిషిగా అంచున కూర్చొని వచ్చే స్త్రీకి కూడా ఆ మేడతోనే పని. బిగుసుకుపోయిన కూడలిలో అంబులెన్సు కూత వినిపించినప్పుడు దారి ఇవ్వాలని అందరికీ ఉంటుంది, జరగడానికి చోటు ఉండదు.

మేడ ముందా, రైలు ముందా?

మేడలు ఎక్కువగా ఉండి, వీధులు నడుస్తున్న నగరాలు లేకపోలేదు. సింగపూరు 1960లో గృహనిర్మాణ సంస్థను స్థాపించి ఎత్తైన మేడలలో ఇళ్లు కట్టించసాగింది. నేడు అక్కడి స్థిరనివాసులలో సుమారు నూటికి 80 మంది అటువంటి ఇళ్లలోనే ఉన్నారు. అక్కడ ఒక్కొక్క కొత్త పట్టణం నడిబొడ్డున బస్సుల కూడలి ఉంటుంది. 1987లో పట్టణ రైలు మొదలైనప్పటినుంచి స్టేషనూ దాని పక్కకే చేరింది. 1975లోనే రద్దీ వేళ నగర మధ్యంలోకి కారు తేవడానికి రుసుము పెట్టారు. 1990నుంచి కొత్త కారు కొనాలంటే ముందుగా వేలంలో హక్కు పత్రం కొనుక్కోవాలి. హాంకాంగులో 1979లో పట్టణ రైలు నడవసాగింది. అక్కడ రైలు సంస్థ అనేక స్టేషన్లమీదనే మేడలు కట్టించి, ఆ రాబడిని మార్గాల నిర్మాణానికి వాడుకుంటున్నది. ఇంటివారు లిఫ్టు దిగితే స్టేషనే. నిలువు దారిని అడ్డ దారితో నేరుగా అతికించారన్నమాట.

హైదరాబాదులో క్రమం తలకిందులైంది. మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఆఫీసులు ముందు వచ్చినవి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారిలో గచ్చిబౌలినుంచి శంషాబాదు వరకు గల భాగం 2008లో తెరుచుకుంది. మేడలు ఆ రోడ్డును ఆసరా చేసుకొని లేచినవి. మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూరు, నాగోలుల మధ్య మొదలై, 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. 2020 ఫిబ్రవరికి మొత్తం 69 కిలోమీటర్ల మార్గం నడకలోకి వచ్చింది. కోకాపేట మేడలు రాయదుర్గం స్టేషనుకు ఇంకా సుమారు 10 కిలోమీటర్ల దూరాన ఉన్నవి. ఆ 10 కిలోమీటర్లకు కారు తీసినవారు స్టేషను వద్ద దాన్ని వదిలి రైలెక్కడం తక్కువ. బయలుదేరిన కారులోనే ఆఫీసు చేరుకుంటారు.

వలయ రహదారి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అది దూరం పోయే వాహనాల కోసం కట్టినది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి, దాటడానికి వీలులేదు. పక్కనున్న సర్వీసు రోడ్లమీద నడిచి, కింది దారులున్న చోటనే అవతలికి పోవాలి. కిటికీలోనుంచి కనిపించే అంగడికి చుట్టూ తిరిగి పోవలసి రావచ్చు. దీనికి మేడల ప్రహరీలు తోడవుతాయి. పది ఎకరాల ఆవరణకు ఒక గేటు ఉంటే, వెనుక గోడకు ఆనుకొనే బస్సు ఆగినా దాని వద్దకు నడవడానికి కిలోమీటరు పడుతుంది. మనిషి బస్సుకోసం సాధారణంగా ఐదు పది నిమిషాలకంటె నడవడు. గోడలో చిన్న తలుపు ఒకటి తెరిస్తే ఆ దూరం రెండు నిమిషాలకు తగ్గుతుంది. వంతెనకయ్యే ఖర్చులో అది లెక్కలోనిది కాదు. అయినా కాపలా కష్టమని ఆ తలుపు పెట్టరు.

సోమల ప్రాంతంవారికి హైదరాబాదుకంటె బెంగుళూరు దగ్గర. మదనపల్లె, పుంగనూరులనుంచి చదువుకూ పనికీ అక్కడికి పోయేవారు చాలామంది. ఆ నగరం తూర్పు అంచున వైట్‌ఫీల్డు చుట్టూ ఆఫీసులూ మేడలూ పెరిగిన ఎన్నో ఏళ్లకుగాని, 2023లోగాని మెట్రో అక్కడికి చేరలేదు. ఊరినుంచి నగరం పొలిమేర వరకు సాఫీగా పోయిన బస్సు ఆఖరి కొద్ది కిలోమీటర్లలో ఎందుకు పాకుతుందో ఆ దారిన పోయిన విద్యార్థులు ఎరుగుదురు. మదనపల్లె వంటి పట్టణాలలో కూడా ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తున్నవి. అవి అంత ఎత్తు కాకపోయినా వాటి ముందు వీధులు అంతకంటె ఇరుకు.

ఈ లెక్కలను పాఠశాలలోనే సరిచూడవచ్చు. ఉపాధ్యాయులు తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులను నలుగురు చొప్పున జట్లుగా చేసి, బస్సు ఆగే చోట రోడ్డుకు దూరంగా అరుగుమీద కూర్చోబెట్టి, పొద్దున ఎనిమిదిన్నరనుంచి పావుగంటసేపు ఒకే దిక్కున పోయే వాహనాలను లెక్కించమనాలి. ఒకరు వాహనాల రకం చెప్పాలి, ఒకరు లోపలి మనుషులను సుమారుగా లెక్కించాలి, తక్కిన ఇద్దరు రాసుకోవాలి. తరువాత కారుకు 1, ఆటోకు 1, మోటారు సైకిలుకు అర, బస్సుకు లారీకి 3 చొప్పున వేసి మొత్తం కూడి, మనుషుల సంఖ్యను దానితో భాగించాలి. ఇద్దరున్న కారుకు 2 వస్తుంది. ఇద్దరున్న మోటారు సైకిలుకు 4. ఆరుగురున్న ఆటోకు 6. 50 మంది ఉన్న బస్సుకు దాదాపు 17. ఇదే పనిని సెలవులలో మదనపల్లెకు పోయినప్పుడు ఒక అపార్టుమెంటు గేటు వద్ద, నగరంలో చుట్టాల ఇంటికి పోయినవారు అక్కడి మేడ గేటు వద్ద చేసి, మూడు పట్టికలనూ బడి తెరిచాక నల్లబల్లమీద పక్కపక్కన రాయాలి. లారీలను, ముఖ్యంగా టమోటా కాలంలో, వేరే వరుసలో చూపడం మంచిది. వాటిలో మనుషులు తక్కువ, సరుకు ఎక్కువ గనుక అవి సగటును తప్పుదారి పట్టిస్తాయి.